పెరట్లో సముద్రం: నాలుగేళ్ళ పిల్లవాడి పుట్టినరోజుకు మేము చేసినవి, చేయకుండా ఉండవలసినవి

మీ అబ్బాయికి నాలుగేళ్ళు నిండబోతున్నాయని, ఇంటి వెనక పెరట్లో సముద్రం ఇతివృత్తంగా పుట్టినరోజు చేయాలనుకుంటున్నారని, పదిహేను మంది పిల్లలు వస్తారని రాశారు. అలంకరణ సామాను ఏది కొనాలి, ఏ ఆటలు ఆడించాలి, ఏమి తినిపించాలి, ఖర్చు ఎంతవుతుంది అని అడిగారు. గత ఏడాది మార్చిలో విశాఖపట్నంలో, పెదవాల్తేరులోని మా అద్దె ఇంటి పెరట్లో మా అబ్బాయి పుట్టినరోజును ఇదే తీరులో చేశాము కనుక, నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను. నాలుగేళ్ళ పిల్లలు అలంకరణను ఒక నిమిషం కంటే ఎక్కువ చూడరు. ముట్టుకోగలిగినది, కదిలేది, లోపలికి దూరగలిగినది ఉంటేనే వాళ్ళకు పండుగ. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే సగం ఖర్చు మిగిలేది.

అలంకరణ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే నా డబ్బు వృథా అయినది అక్కడే. నీలం, తెలుపు బెలూన్ల తోరణం, కాగితపు జెల్లీ చేపలు, మత్స్యకన్య బొమ్మ వేసిన బేనరు కలిపిన సెట్టు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, పొద్దున్నే లేచి మా మరిదితో కలిసి కట్టాను. ఎండకు నేల వేడెక్కేకొద్దీ మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి ఒడ్డుకు జోరుగా వీచడం మా ఊళ్ళో రోజూ ఉండేదే అయినా, ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఆ రోజు అది గుర్తు రాలేదు. పిల్లలు వచ్చేసరికి జెల్లీ చేపలు మూడు పక్కింటి డాబా మీద ఉన్నాయి, బెలూన్లు కొబ్బరి మట్టలకు రాసుకుని ఒక్కొక్కటే పేలిపోయాయి. పేలిన బెలూను ముక్క నోట్లో పెట్టుకుంటే చిన్నపిల్లల గొంతుకు అడ్డుపడి ఊపిరాడకుండా చేస్తుంది కాబట్టి, ఆ ముక్కలు ఏరడానికే ఇద్దరు పెద్దవాళ్ళు కావలసి వచ్చింది. మీరు సముద్రానికి దూరంగా ఉన్నా బెలూన్లు మానేయమనే నా సలహా.

ఆ పూట మమ్మల్ని ఆదుకున్నవి మా అత్తగారి పాత చీరలు. నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఉన్న ఆరు నేత చీరలను బట్టలారేసే దండేల మీద నిలువుగా వేలాడదీస్తే గాలికి అవే అలల్లా కదిలాయి. ఇంకొక చీరను ఇద్దరు పెద్దవాళ్ళు చెరొక కొసా పట్టుకుని, పిల్లల తలలకు పైన ఊపుతూ ఉంటే, పిల్లలు దాని కింద నుంచి ఆ చివరికీ ఈ చివరికీ పరుగెత్తారు. ఇది ఆట అని ఎవరూ చెప్పలేదు, నియమాలు లేవు, గెలుపు ఓటములు లేవు. చేతులు నొప్పిపుట్టి మేము ఆపేవరకు వాళ్ళు ఆపలేదు. పాత వల ఒకటి కడితే బాగుంటుందని ఫిషింగ్ హార్బరు నుంచి మా మరిది తెచ్చాడు కానీ, మూడుసార్లు సబ్బుతో ఉతికినా దాని వాసన పోలేదు, పైగా వీధిలోని పిల్లులన్నీ గోడ ఎక్కి కూర్చున్నాయి. వల తప్పదనుకుంటే పిల్లల కాళ్ళకు, మెడకు తగలనంత ఎత్తులో కట్టండి.

మీ పెరట్లో కొబ్బరిచెట్టు ఉంటే వారం ముందే దింపు తీసేవారిని పిలిచి ముదురు కాయలు, ఎండు మట్టలు దింపించండి. సాయంత్రం గాలిలో చెట్టు కింద పదిహేను మంది పిల్లలను వదలడం కంటే పెద్ద సాహసం ఇంకొకటి లేదు.

ఇక మేము చేసినవాటిలో అందరికీ నచ్చినది నేల మీది ముగ్గు. వేల్ షార్కు అనే చేప ఉంది కదా, పేరు వింటే తిమింగలం అనిపించినా అది సొరజాతి చేపే. ప్రపంచంలో ఉన్న చేపలన్నిటిలోకి అదే పెద్దది. ఎదిగినది 12 మీటర్లు, అంటే దాదాపు 40 అడుగులు ఉంటుంది. అంతకు మించినవీ ఉన్నాయి. ఇంత పెద్ద జీవి తినేది నీళ్ళలో తేలే అతి చిన్న ప్రాణులను, చిన్న చేపలను, మనుషుల జోలికి రాదు. మన తీరానికి ఇది కొత్తది కాదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి ఒకటి కొట్టుకువస్తే అటవీశాఖవారు, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. దాని బూడిద రంగు వీపు మీద వరుసలుగా తెల్లని చుక్కలు ఉంటాయి. ఆ చుక్కలు చూడగానే మా అత్తగారు, ఇది ముగ్గు కోసమే పుట్టిన చేపలా ఉందే అన్నారు.

మా పెరడు పొడవు 42 అడుగులు, సరిగ్గా సరిపోయింది. ముందురోజు సాయంత్రం టేపుతో కొలిచి, తాడు పరిచి, సుద్ద నానబెట్టిన నీటిలో గుడ్డ ముంచి గచ్చు మీద చేప ఆకారం గీశాము. బియ్యప్పిండి వాడవద్దు, రాత్రికి రాత్రి చీమలు పడతాయి. ఆ చీమల మీద పిల్లలు పడుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పొడి ముగ్గు కూడా గాలికి కళ్ళలో పడుతుంది. తడి ముగ్గు ఆరితే గచ్చుకు పట్టుకుని ఉంటుంది. చుక్కలు మాత్రం మేము పెట్టకుండా పిల్లలకు వదిలేశాము. చిన్న గిన్నెల్లో సుద్ద నీళ్ళు ఇచ్చి వేలితో చుక్కలు పెట్టమంటే అరగంట సేపు ఎవరూ కదలలేదు. ఆ తర్వాత ఈ చేప ఎంత పొడవో చూద్దాం రండి అని వాళ్ళను ఒకరి పాదాల దగ్గర ఇంకొకరి తల వచ్చేలా వరుసగా పడుకోబెట్టాము. నాలుగేళ్ళ పిల్లలు రమారమి మీటరు ఎత్తు ఉంటారు కనుక, తోక నుంచి నోటి వరకు పన్నెండు మంది పట్టారు. మిగిలిన ఇద్దరిని నోట్లో కూర్చోబెట్టవలసి వచ్చింది. మీ పెరడు చిన్నదైతే చేపను కుదించకండి. తోకను సందులోకో వరండాలోకో మళ్ళించి అయినా సరే అసలు కొలతలోనే గీయండి, ఎందుకంటే పిల్లలకు ఆశ్చర్యం కలిగించేది ఆ పరిమాణమే.

రెండో మంచి ఆలోచన మా అత్తగారిది. మా వీధికి రోజూ చేపల గంప తెచ్చే పెద్దావిడను ఆ సాయంత్రం ఒక అరగంట రమ్మని, ఆమె బేరం పోకుండా డబ్బు ముందే ఇచ్చి పిలిచారు. ఆమె గంప దించి, అరిటాకు మీద చందువా, కానాగంతలు, పండుగప్ప, ఒక చిన్న టేకు చేప, గోళ్ళు తాడుతో కట్టిన రెండు పీతలు పరిచి, ఒక్కొక్కదాని పేరు చెప్పి, దీని పళ్ళు చూడు నాయనా, దీని తోక ముట్టుకోకూడదు, అంటూ చూపించారు. స్టార్ ఫిష్, డాల్ఫిన్ అని ఇంగ్లీషు పాటల్లో నేర్చుకున్న పిల్లలు చందువా పొలుసు మీద వేలు పెట్టి అది జారుతోందని కేకలు వేశారు. ఇద్దరు పిల్లలు మాత్రం చేపలు చనిపోయి ఉన్నాయని ఏడ్చారు. అటువంటి పిల్లలు ఉంటారని ముందే అనుకుని వాళ్ళను వేరే ఆటకు తీసుకువెళ్ళడానికి ఒకరిని సిద్ధంగా ఉంచండి. మీ ఊరికి సముద్రపు చేప రాకపోతే చెరువు చేపలైనా పరవాలేదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించకుండా తిండి దగ్గరకు రానివ్వకండి.

నీళ్ళ విషయంలో మాత్రం దయచేసి నా పొరపాటు మీరు చేయకండి. గాలి నింపే ప్లాస్టిక్ కొలను ఒకటి కొని ఎనిమిది అంగుళాల లోతు నీళ్ళు పోశాను. పిల్లలందరూ ముగ్గు దగ్గర ఉన్నప్పుడు, ఒక అతిథి వెంట వచ్చిన ఏడాదిన్నర పాప దాని అంచు పట్టుకుని లోపలికి బోర్లా పడిపోయింది. చప్పుడు కాలేదు, ఏడుపు లేదు. అటువైపు గ్లాసులు తీసుకువెళ్తున్న మా మరిది చూసి క్షణాల్లో ఎత్తుకున్నాడు కాబట్టి పాపకు ఏమీ కాలేదు, కానీ ఆ తర్వాత గంట సేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అంత చిన్నపిల్లలకు రెండంగుళాల నీళ్ళు చాలు ప్రమాదానికి. వెంటనే కొలను ఖాళీ చేసి, ఇంట్లో ఉన్న ఇత్తడి తాంబాళాలను బల్ల మీద పెట్టి, వేలి లోతున నీళ్ళు పోసి, కొబ్బరి చిప్పలకు ఆకుల తెరచాపలు గుచ్చి పడవలు చేసి ఇచ్చాము. మొదటే ఆ పని చేసి ఉండవలసింది. ఇంత తక్కువ నీళ్ళున్నా ఒక పెద్దమనిషి ఇంకే పనీ పెట్టుకోకుండా అక్కడే ఉండాలి. మొక్కల దుకాణాల్లో, నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగురంగుల నీటి ముత్యాలు (వాటర్ బీడ్స్) అమ్ముతారు, సముద్రం అలంకరణకు అవి చాలా అందంగా ఉంటాయి, కానీ మింగితే కడుపులో ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి. వాటిని ఇంట్లోకే తేవద్దు. సబ్బు బుడగల యంత్రం కూడా గచ్చును జారుడుబల్లగా మారుస్తుంది, మట్టి నేల ఉంటేనే పెట్టండి.

చీకటి పడ్డాక ఆడించిన తాబేలు పిల్లల ఆట గురించి చెప్పి తీరాలి. మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో సుమారు వంద ఉంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. తాబేలు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటికి వచ్చి, నీటి మీద మెరిసే వెలుగు ఉన్న దిక్కుకు పాకుతాయి. ఒడ్డున వీధి దీపాలు ఉంటే దారి తప్పి రోడ్డు వైపు వెళ్తాయి. ఈ కథ చెప్పి, పిల్లల వీపులకు అడ్డాకు విస్తళ్ళు కట్టాము. గుండ్రటి ఆకు మీద పుల్లల కుట్లతో విస్తరి అచ్చం తాబేలు డిప్పలాగే ఉంటుంది, కాగితపు పళ్ళెం పక్కన పెట్టి చూడండి. ఒక మూల నీలం చీర వెనక పెద్ద టార్చి వెలిగించి అది సముద్రం అన్నాము. ఎదురు మూల ఇంకొక టార్చి వీధి దీపం. పెద్దలలో ఒకరు వీధి దీపాన్ని ఊపి పిల్లలను పిలుస్తుంటే, దాన్ని నమ్మకుండా చీర వైపు పాకాలి. మా అబ్బాయి ప్రతిసారీ వీధి దీపం దగ్గరికే వెళ్ళాడు, ఎందుకంటే అది పట్టుకున్నది వాళ్ళ నాన్న.

తిండి విషయంలో నీలం రంగు మీద మోజు పడకండి. మేము ఒక బేకరీలో చెప్పి చేయించిన కేకు ముదురు నీలంగా వచ్చింది; పిల్లల పళ్ళు, నాలుకలు, తెల్ల గౌనులు అన్నీ నీలమే. మర్నాడు పొద్దున ముగ్గురు తల్లులు ఫోను చేసి, పిల్లలకు ఆకుపచ్చగా విరేచనం అవుతోందని ఆదుర్దాగా అడిగారు. రంగు ఎక్కువైతే అలా కావడం మామూలేనని నాకు అప్పుడు తెలియక నేనూ కంగారు పడ్డాను. తెల్ల క్రీముతోనే కేకు చేయించి పక్కన ఒక అలంకారం పెట్టుకుంటే చాలు. నీలం తప్పదనుకుంటే శంఖుపూలు ఉన్నాయి. లీటరు వేడి నీటిలో తొడిమలు తీసిన పూలు గుప్పెడు వేసి పది నిమిషాలు ఉంచి వడకట్టి, పంచదార కలిపి చల్లార్చండి. పిల్లల ఎదుటే నిమ్మరసం పిండితే పులుపు తగిలి ఆ నీలం ఊదాగా మారుతుంది. ఇంకా మా అత్తగారు రెండు రోజుల ముందే బెల్లం గవ్వలు చేశారు. సముద్రం విందుకు ఇంతకంటే తగిన పిండివంట ఏముంటుంది? కిలో మైదాకు ముప్పావు కిలో బెల్లం పట్టింది. చిన్నపిల్లలకు కాబట్టి పాకం మరీ ముదరనివ్వకండి, పిండిలో నెయ్యి కాచి పోస్తే గుల్లగా వస్తాయి. చిన్న ఇడ్లీలు, పెరుగన్నం, పుచ్చకాయ ముక్కలు పెట్టాము. కోనాం చేప వేపుడు పెద్దలకు మాత్రమే, ముల్లు భయం వల్ల.

బహుమతిగా ప్లాస్టిక్ సంచిలో బంగారు చేపను ఇచ్చేవారు ఉన్నారు, అది వారం బతకదు, పిల్లలకు ఏడుపు మిగులుతుంది. మేము నాలుగేసి గవ్వలు, గుడ్డ మీద గీసిన అష్టాచమ్మా పటం ఇచ్చాము. చిన్నపిల్లలు మింగకుండా ఆ పొట్లం తల్లిదండ్రుల చేతికే ఇచ్చాము. దుకాణంలో గవ్వలు, శంఖాలు కొనేటప్పుడు పగడపు దిబ్బల ముక్కలు, ఎండబెట్టిన సముద్రపు గుర్రాలు చూపిస్తే తీసుకోకండి; వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి అమ్మకం, కొనుగోలు నేరం.

పదిహేను మంది పిల్లలకు కనీసం ఆరుగురు పెద్దలు ఉండేలా చూసుకోండి. మేము నాలుగున్నరకు మొదలుపెట్టి ఏడింటికి ముగించాము. ఎండ తగ్గాక ముగ్గు, చేపల గంప, పడవలు, చీకటి పడగానే తాబేళ్ళు, ఆ వెంటనే కేకు, భోజనం. దోమల బెడద లేకుండా తాంబాళాల్లోని నీళ్ళు చీకటి పడకముందే పారబోసి, పిల్లల కాళ్ళకు దోమల మందు రాయించాము. ఖర్చు అడిగారు కదా, గాలికి పోయిన సెట్టు, ఖాళీ చేసిన కొలను తీసేస్తే మాకు అన్నీ కలిపి ఆరువేల లోపే అయింది, అందులో కేకుదే పెద్ద వాటా. ముగ్గును మర్నాడు కడిగేద్దామంటే మా అబ్బాయి చీపురు దాచిపెట్టాడు; ఆదివారం వరకు దాని మీదే బట్టలు ఆరేసుకున్నాము.