రాచోల్ మ్యూజియం ఎక్కడికి పోయింది?

ప్రశ్న: గోవాలో మడ్గావ్ దగ్గరున్న రాచోల్ సెమినరీకి వెళ్లాం. అందులో క్రైస్తవ కళల మ్యూజియం ఉంటుందని పాత గైడ్‌బుక్‌లో చదివాను. తీరా వెళ్తే లేదన్నారు. ఆ వస్తువులన్నీ ఏమయ్యాయి? అసలు ఫాదర్లను తయారుచేసే చోట మ్యూజియం ఏమిటి? – ఒక పాఠకురాలు

జవాబు: ఏమీ పోలేదండీ, ఊరు మారాయంతే. 1994లో ఆ మ్యూజియాన్ని రాచోల్‌లోనే తెరిచారు. 2002లో పాత గోవాలోని సాంతా మోనికా కాన్వెంటుకు (సన్యాసినుల మఠానికి) మార్చారు. మంచి పనే చేశారంటాను. రాచోల్ ఇప్పటికీ నడుస్తున్న సెమినరీ. కుర్రాళ్లు చదువుకునే చోట టూరిస్టు బస్సులు ఆగితే ఎవరికి సుఖం?

పాత గోవా వెళ్తే దంతపు బొమ్మల దగ్గర కాసేపు ఆగండి. హిందూ శిల్పుల చేత పూజా విగ్రహాలు చేయించకూడదని 1567లోనే గోవా చర్చి సభ ఆంక్ష పెట్టింది. ఎవరు విన్నారు? యేసును గొర్రెల కాపరిగా చూపిస్తూ గోవాలో చెక్కిన ‘మంచి కాపరి’ బొమ్మల్లో బాలయేసు కళ్లు అరమూసుకుని, చెంపకు చెయ్యి ఆనించి కూర్చుని ఉంటాడు. ఆ కూర్చున్న తీరులో బుద్ధుడు కనిపిస్తాడు!

ఇక మీ రెండో ప్రశ్న. అది ఫాదర్లను తయారుచేసే చోటు మాత్రమే కాదండీ. 1606లో జెస్విట్ అనే క్యాథలిక్ సంఘం ఫాదర్లు పునాది వేసిన రాచోల్‌లో చదువుతో పాటు అచ్చు పని కూడా జరిగేది. నేను సీసం టైపుతో కంపోజింగ్ చేసి బతికినవాణ్ణి కాబట్టి నా మనసంతా అటే లాగుతుంది. 1579లో గోవా వచ్చిన థామస్ స్టీఫెన్స్ అనే ఇంగ్లండు ఫాదర్ ఇక్కడి భాష నేర్చుకుని, బైబిల్ కథను మరాఠీలో ‘క్రిస్తపురాణం’ అని రాశాడు. ఓవీ అనే మరాఠీ ఛందస్సులో దాదాపు 11 వేల పద్యాలు! 1616లో రాచోల్‌లో అచ్చయింది, కాకపోతే రోమన్ లిపిలో. దేశీ లిపిలో పుస్తకాలు వేయాలన్న కోరిక ఆయనకు లేక కాదు. ఈ అక్షరాలకు 600 మూసలు కావాలి, మన రోమన్ అక్షరాలకు 24 చాలు అని 1608లోనే రోముకు ఉత్తరం రాసి మొరపెట్టుకున్నాడు. గుణింతాలు, ఒత్తులు పేర్చి వేళ్లు నల్లబడిన మాబోటివాళ్లకు ఆ బాధ వేరే చెప్పాలా!

ఆయన రాసిన కొంకణి వ్యాకరణం, ఆయన పోయిన 21 ఏళ్లకు, 1640లో రాచోల్‌లోనే అచ్చయింది. భారతీయ భాషల వ్యాకరణాల్లో అచ్చయిన మొదటిది అదే అంటారు. 1759లో పోర్చుగీసు ప్రభుత్వం జెస్విట్లను వెళ్లగొట్టాక సెమినరీ స్థానిక మేత్రాసనం (బిషప్ పాలనలోని చర్చి విభాగం) చేతికి వెళ్లింది.

పోయిన వస్తువుల సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. నిజంగా పోయింది ఒకటుంది. క్రిస్తపురాణం 1616, 1649, 1654లో మూడుసార్లు అచ్చయినా, ఆ ముద్రణల ప్రతి ఒక్కటీ దొరకలేదు. చేతిరాత ప్రతులు ఉండబట్టి సరిపోయింది. 1907లో మంగళూరులో మళ్లీ అచ్చు వేసినప్పుడు వాటినే ఆధారం చేసుకున్నారు.