టీఎన్‌ఎఫ్ పెరిగింది సరే, పెంచింది ఏది?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. క్షయ బ్యాక్టీరియాకు చెందిన ఈశాట్-6 ప్రోటీన్‌ను, ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో తయారుచేసినదాన్ని, ఒక కంపెనీ నుంచి కొన్నాం. ఎలుక మాక్రోఫేజ్‌ల (సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణాల) మీద మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల చొప్పున వేస్తే టీఎన్‌ఎఫ్ (ఆ కణాలు విడుదల చేసే, వాపును రేపే ప్రోటీన్) విపరీతంగా పెరిగింది. పేపర్ రాసేయమని గైడ్ గారు తొందరపెడుతున్నారు. రాయవచ్చా? మిగిలిన ప్రోటీన్‌తో రోగుల రక్తంలో క్షయను పట్టే కిట్ చేద్దామని మా మిత్రుడు అంటున్నాడు. సీసా మీద మాత్రం 'పరిశోధనకు మాత్రమే' అని ఉంది.
– ఒక పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఇప్పుడే రాయవద్దమ్మా. వైవాలకు వెళ్లినప్పుడు ఇలాంటి గ్రాఫు కనిపిస్తే నేను ముందుగా అడిగేది ఎండోటాక్సిన్ ఎంత ఉందనే. 'శుద్ధి 95 శాతం అని కంపెనీ రాసింది మేడమ్' అంటారు చాలామంది. ఆ 95 శాతం, ప్రోటీన్లను విడదీసి చూసే జెల్ మీద కనిపించేవాటి లెక్క. ఎండోటాక్సిన్ ప్రోటీనే కాదు. అది ఈ.కోలై పైపొరలోని కొవ్వూ చక్కెరా కలిసిన పదార్థం. జెల్ మీద ప్రోటీన్లకు వేసే కూమాసీ నీలం రంగు దానికి పట్టదు, జెల్ ఎంత శుభ్రంగా ఉన్నా అది సీసాలో ఉండవచ్చు.

లెక్క వేసి చూడు. ఒక ఎండోటాక్సిన్ యూనిట్ అంటే సుమారు 0.1 నానోగ్రామ్. నీ ప్రోటీన్‌లో మైక్రోగ్రాముకు 10 యూనిట్లు ఉన్నాయనుకో. నువ్వు వేసిన మోతాదులో మిల్లీలీటరుకు 50 యూనిట్లు, అంటే 5 నానోగ్రాములు చేరాయి. మాక్రోఫేజ్‌లు టీఎన్‌ఎఫ్ కుమ్మరించడానికి ఆ మాత్రం చాలు, ఈశాట్-6 అవసరమే లేదు.

ఈ ప్రోటీన్ విషయంలో నా భయం ఊరికే కాదు. ఈశాట్-6 కణాల పొరలను చీలుస్తుందని ఏళ్ల తరబడి పేపర్లు వచ్చాయి. 2017లో కేంబ్రిడ్జ్‌లోని లలితా రామకృష్ణన్ బృందం పరీక్షించి చూస్తే, ఎర్ర రక్తకణాలను పగలగొట్టింది శుద్ధి చేసేటప్పుడు మిగిలిపోయిన ఏఎస్‌బీ-14 అనే డిటర్జెంట్ అని తేలింది. కాబట్టి ఎండోటాక్సిన్ ఒక్కటే కాదు, శుద్ధిలో ఏ డిటర్జెంట్ వాడారో కూడా కంపెనీని అడుగు. నీ సీసా లాట్ నంబరు చెప్పి, ఆ లాట్ విశ్లేషణ పత్రమే తెప్పించుకో. ప్రోటీన్ లేని ఉత్త బఫర్ (ప్రోటీన్‌ను కరిగించి ఉంచిన ద్రవం) కూడా అడుగు.

చేయవలసిన ప్రయోగాల్లో నాకు ముఖ్యమైనది ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైము ప్రోటీనేజ్-కెతో చేసేది. దానితో ఈశాట్-6ను జీర్ణం చేసి, ఆ ఎంజైమును వేడితో చంపి, మిగిలిన ద్రవాన్ని కణాల మీద వెయ్యి. టీఎన్‌ఎఫ్ అప్పటికీ పెరిగితే కారణం నీ ప్రోటీన్ కాదు. కేవలం మరిగించి ఊరుకోవద్దు. చిన్న ప్రోటీన్లు చల్లారాక మళ్లీ ముడుచుకోగలవు. ఎండోటాక్సిన్‌కు మరుగు ఒక లెక్కే కాదు. గాజుసామాను నుంచి దాన్ని వదిలించడానికి 250 డిగ్రీల పొడి వేడి పెడతారు. ఎండోటాక్సిన్‌ను కొలిచే ఎల్‌ఏఎల్ పరీక్ష ఎలాగూ తప్పదు. టీఎల్‌ఆర్-4 లేని మాక్రోఫేజ్‌లు దొరికితే ఇంకా మేలు, ఎండోటాక్సిన్‌ను గుర్తించేది ఆ గ్రాహకమే.

ఇంత శ్రమ దేనికని నిరుత్సాహపడకు. ఈశాట్-6కు మాక్రోఫేజ్‌తో నిజంగానే పని ఉంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో సంగీతా ముఖోపాధ్యాయ్ బృందం 2014లో అది బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే మన కణాల ప్రోటీన్‌కు అతుక్కుంటుందని చూపింది. నీ ఫలితం ఈ పరీక్షలన్నిటికీ నిలబడితే గైడ్ గారికంటే ముందు నేనే రాయమంటాను.

కిట్ మాట మాత్రం వద్దే వద్దు. రక్తంలో యాంటీబాడీలు వెతికి క్షయ ఉందని చెప్పే కిట్లను మన ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. వాటిని నమ్మి జబ్బు లేనివాళ్లు మందులు మింగారు, ఉన్నవాళ్లు చికిత్సకు దూరమయ్యారు. ఈశాట్-6, క్షయ బ్యాక్టీరియాదే మరో ప్రోటీన్ సీఎఫ్‌పీ-10లతో చేసే సై-టీబీ చర్మ పరీక్షకు అనుమతి ఉన్నమాట నిజమే. కానీ అందులోని ప్రోటీన్లు మనుషులకు ఇచ్చే మందుల ప్రమాణాలతో తయారై, రోగుల మీద పరీక్షలు దాటి వచ్చాయి. నీ సీసాలోనిది ఆ దారిన రాలేదు. దాని మీద 'పరిశోధనకు మాత్రమే' అని రాసింది అందుకే. మీ మిత్రుడికి ఈ జవాబు చూపించు.