మొలకల బ్రెడ్ దొరక్కపోతే కొంపేం మునగదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే దాని గురించి, మొలకెత్తిన గింజలతో చేసే బ్రెడ్ గురించి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మామూలు గోధుమ బ్రెడ్ తినేవాళ్లం. ఇప్పుడు మా అమ్మాయి మొలకల బ్రెడ్ అయితేనే మంచిదంటోంది. నిజంగా అంత తేడా ఉందా, లేక ఇదీ ఒక ఫ్యాషనేనా అండీ?

తేడా ఉంది, మీ అమ్మాయి అనుకుంటున్నంత లేదు. గింజలో ఉన్న పిండి అంతా రేపు రాబోయే మొక్క కోసం దాచిన తిండి. నీళ్లు తగిలి మొలక రావడం మొదలవగానే గింజలోని ఎంజైములు ఆ పిండిని కొంచెం కొంచెంగా చక్కెరలుగా విడగొడతాయి, అందుకే ఈ బ్రెడ్‌లో చక్కెర వేయకపోయినా నోటికి కాస్త తియ్యగా తగులుతుంది. ఇంకో పని కూడా జరుగుతుంది. గింజ పొట్టులో ఫైటిక్ ఆమ్లం అని ఒకటుంటుంది, అది ఇనుమునీ జింకునీ పట్టుకుని మన ఒంటికి సరిగ్గా అందనివ్వదు. మొలకెత్తేటప్పుడు ఆ ఆమ్లం కొంత తగ్గుతుంది, ఫోలేట్ అనే బి విటమిన్ పెరుగుతుంది. విటమిన్ సి కూడా పుడుతుంది కానీ దాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఓవెన్ వేడికి అది చాలావరకు పోతుంది (ప్యాకెట్ల మీద మాత్రం గొప్పగా రాస్తారు).

నా లెక్కలో అసలు పెద్ద దూరం మైదా బ్రెడ్‌కీ పొట్టు తీయని ముడిగోధుమ బ్రెడ్‌కీ మధ్య ఉంది. ముడిగోధుమ నుంచి మొలకలకి వెళ్లడం ఒక చిన్న మెట్టు, అంతే. పైగా పుల్లపిండితో నెమ్మదిగా పులియబెట్టిన ముడిగోధుమ రొట్టెలో కూడా ఫైటిక్ ఆమ్లం బాగానే తగ్గుతుంది. కాబట్టి రుచి నచ్చితే తినండి, నాకైతే ఆ నమిలే తీరు, ఆ గింజ వాసన చాలా ఇష్టం. నచ్చకపోతే బలవంతంగా మింగాల్సిన పనిలేదు.

ప్రశ్న: నాకు గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) పడదు. మొలకెత్తిస్తే గ్లూటెన్ పోతుందని ఎవరో చెప్పారు. ఇంట్లో మావారికి షుగర్ కూడా ఉంది. మేమిద్దరం తినొచ్చా?

పోదు. కొంచెం తగ్గితే తగ్గొచ్చు కానీ సీలియాక్ జబ్బు (గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకి గోధుమ, బార్లీ, రై మొలకలైనా సరే ప్రమాదమే. పైగా ఇలాంటి చాలా బ్రెడ్లలో పిండి సాగడానికి గ్లూటెన్‌ని విడిగా కూడా కలుపుతారు. మీరు ముట్టుకోవద్దు. మీవారి సంగతంటే, ఇది మందు కాదు, ఇందులోనూ పిండిపదార్థం ఉంది, ముక్కలు లెక్కపెట్టుకునే తినాలి.

ప్రశ్న: ఎన్ని షాపులు తిరిగినా దొరకదు, దొరికిన చోట ఫ్రీజర్‌లో రాయిలా ఉంటుంది. గడ్డకట్టిన బ్రెడ్ పాతదేమో అని డౌటు. అంత మంచిదైతే అన్ని చోట్లా ఎందుకు పెట్టరు?

ఫ్రీజర్‌లో పెట్టడానికి కారణం పాతబడటం కాదండీ, పాతబడకుండా చూసుకోవడం. ఈ బ్రెడ్‌ని అసలు పద్ధతిలో చేస్తే మరపట్టిన పిండి వాడరు, మొలకెత్తిన తడి గింజల్నే రుబ్బి ఆ ముద్దని కాలుస్తారు. తేమ ఎక్కువ, చాలామంది ప్రిజర్వేటివ్‌లు కలపరు, దాంతో బయట పెడితే కొద్ది రోజుల్లోనే బూజు. అందుకే కాల్చి వెంటనే గడ్డకట్టిస్తారు. అంటే తయారీ నుంచి షాపు దాకా దారంతా చల్లగా ఉండాలి, గింజలు నానడానికి, మొలకెత్తడానికి రోజులు కావాలి, అమ్ముడుపోకపోతే నష్టం. ఏ బేకరీ అయినా ఇంత తలనొప్పి ఎందుకనే అనుకుంటుంది.

ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో మామూలు అరలో పెట్టారంటే బూజు ఆలస్యంగా వస్తుంది కానీ బ్రెడ్ తొందరగా బిరుసెక్కుతుంది. ఫ్రీజర్‌లోనే ఉంచి, ఒక్కో ముక్క తీసి నేరుగా టోస్టర్‌లో వేయండి, కరిగించక్కర్లేదు.

దొరికింది కదా అని కొనేయకండి, వెనక ఉన్న పదార్థాల జాబితా చూడండి. అందులో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. మొదటి పేరు మొలకెత్తిన గోధుమ అయితే సరే. మొదట మైదా ఉండి ఐదో ఆరో చోట మొలకలు కనిపిస్తే ఆ మొలకలు ప్యాకెట్ మీద బొమ్మ కోసం వేసినవే. ఈ బ్రెడ్ బాగా అలవాటైన అమెరికాలో కూడా ‘మొలకెత్తిన గింజ’ అంటే ఏమిటో ప్రభుత్వం చట్టంలో రాయలేదు. ధాన్యం శాస్త్రవేత్తల సంఘం ఒకటి 2008లో ఒక గీత గీసింది: గింజలోని పొట్టు, అంకురం, పిండి మూడూ ఉండి, మొలక పొడవు గింజ పొడవుని దాటకుండా, పోషకాలు తగ్గకుండా ఉంటే దాన్ని ముడిధాన్యం కిందే లెక్కపెట్టొచ్చని.

ప్రశ్న: ఇది బైబిల్‌లో చెప్పిన రొట్టె అంటున్నారు, నిజమా?

కాలిఫోర్నియాలో ఫుడ్ ఫర్ లైఫ్ అనే కంపెనీ ‘ఎజెకియల్ 4:9’ పేరుతో అమ్మే మొలకల బ్రెడ్ గురించి విని ఉంటారు. బైబిల్‌లో యెహెజ్కేలు గ్రంథం నాలుగో అధ్యాయం తొమ్మిదో వచనంలో గోధుమలు, యవలు, కాయధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి రొట్టె చేసుకోమని ఉంటుంది, ఆ జాబితానే పేరుగా పెట్టుకున్నారు. మొలకెత్తించమని అక్కడ లేదు. ఇంకో తమాషా ఏంటంటే, అక్కడ అది ఆరోగ్యం కోసం చెప్పింది కాదు, ముట్టడిలో చిక్కుకున్న పట్టణం పడే కరువుకి గుర్తుగా 390 రోజులు తూకం వేసుకుని తినాల్సిన తిండి, రోజుకి 20 తులాలు మాత్రమే. ఇప్పుడు అదే ఖరీదైన ఆరోగ్యం అయింది!

ప్రశ్న: ఇంట్లోనే చేద్దామని గోధుమలు మూడు రోజులు మొలకెత్తించి, రుబ్బి, కాల్చాను. పైన బాగానే ఎర్రగా వచ్చింది, కోస్తే లోపల జిగురు జిగురుగా చాకుకి అంటుకుంది. ఇంకాసేపు కాల్చినా అంతే. ఎక్కడ తప్పు జరిగింది?

మూడు రోజుల దగ్గరే జరిగింది, కాల్చడంలో కాదు. నేనూ మొదటిసారి మొలకలు పొడుగ్గా వస్తే బలం ఎక్కువనుకుని అలాగే వదిలేశాను, ఓవెన్‌లోంచి తీసింది బ్రెడ్ కాదు, బంక. మొలక ఎదిగేకొద్దీ పిండిని విరగ్గొట్టే ఎంజైములు పెరిగిపోతాయి, కాల్చేటప్పుడు ముద్ద ఇంకా వేడెక్కుతుండగానే అవి పిండిని కరిగించేస్తాయి. రైతులకిది బాగా తెలుసు. కోతకొచ్చిన గోధుమ వానలో తడిసి వెన్ను మీదే మొలకెత్తితే మిల్లువాళ్లు ధర తగ్గిస్తారు, కొన్నిసార్లు తీసుకోరు కూడా. దానికొక పరీక్ష ఉంది, పిండిని నీళ్లలో కలిపి వేడిచేస్తూ అందులో ఒక కడ్డీని వదులుతారు. మంచి గోధుమ అయితే జావ చిక్కగా ఉండి కడ్డీ అడుగుకి చేరడానికి 300 సెకన్ల పైనే పడుతుంది, బాగా మొలకెత్తిందైతే జావ పలచబడి వంద సెకన్లలోపే జారిపోవచ్చు.

ఈసారి ఇలా చేయండి. గోధుమలు ఒక రాత్రి నానబెట్టి, వంపేసి, రోజుకి రెండు మూడుసార్లు కడుగుతూ ఉంచండి. తెల్లటి మొన ఇలా కనపడగానే ఆపేయాలి, మామూలుగా ఒక రోజు, చల్లగా ఉంటే రెండు రోజులు. మొదట్లోనే మొత్తం మొలకలతో చేయకండి, ముడిగోధుమ పిండిలో నాలుగో వంతు మొలకల ముద్ద కలిపి చూడండి, ముద్దలో తేమ ఉంటుంది కాబట్టి నీళ్లు తగ్గించాలి. కాల్చాక పూర్తిగా చల్లారే దాకా కోయొద్దు, ఇది కష్టమే, వాసనకి ఎవరూ ఆగరు.

విత్తనాల కోసం అమ్మే గోధుమలు మాత్రం వాడకండి, వాటికి పురుగుమందు పట్టించి ఉండొచ్చు. పాలిష్ పట్టిన బార్లీ ఎన్నాళ్లు నానబెట్టినా మొలకెత్తదు, దాని కోసం ఎదురుచూడొద్దు. మిగిలిపోయిన జిగురు రొట్టెని పారేయకుండా పలుచగా కోసి, ఓవెన్‌లో సన్నని వేడి మీద కరకరలాడేదాకా ఎండబెట్టండి, రస్కుల్లా తినేయొచ్చు.