బాక్సు వచ్చిందా? (బెజవాడ పాత కబుర్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు)

ప్రశ్న: మా నాన్నగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు సినిమాకి వెళ్తే ఒక్కోసారి "బెజవాడ నుంచి బాక్సు రాలేదు, రేపు రండి" అని పంపేసేవారట. ఏమిటా బాక్సు? సినిమాలు తయారయ్యేది మద్రాసులో కదా, మరి బెజవాడ నుంచి రావడమేమిటి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఆ బాక్సులు మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 1974 నుంచి పదకొండేళ్లు బెజవాడ గాంధీనగర్‌లో, సినిమాలు హాళ్లకి పంపిణీ చేసే ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా పనిచేశాను. మీ ఉత్తరం చూడగానే ప్రాణం లేచొచ్చింది.

బాక్సంటే రేకు పెట్టె. లోపల గుండ్రటి డబ్బాల్లో సినిమా రీళ్లు ఉండేవి. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమాకి 13,500 అడుగులు కావాలి. రీలుకి వెయ్యి అడుగుల లెక్కన పద్నాలుగు రీళ్లు. ప్రింట్లు, అంటే సినిమా కాపీలు, మద్రాసు ల్యాబుల్లో తయారై రైల్లో బెజవాడ దిగేవి. ఇక్కడికే ఎందుకంటే, మద్రాసు - కలకత్తా లైను, హైదరాబాదు వైపు లైను కలిసేది ఇక్కడే. గుంటూరుకి, గుడివాడ మీదుగా బందరుకి రైళ్లుండేవి. రైలు లేని ఊరికి బస్సుండేది. అందుకే నవయుగ, లక్ష్మీ ఫిలింస్ లాంటి పంపిణీ సంస్థలు గాంధీనగర్‌లో ఉండేవి.

రిప్రజెంటేటివ్ అంటే బాక్సుతో పాటు హాలుకి వెళ్లి కూర్చునే ఆఫీసు మనిషి. ఆట మొదలయ్యే ముందు ప్రతి క్లాసు టికెట్ పుస్తకంలో మొదటి నెంబరు రాసుకోవాలి. కౌంటరు మూశాక చివరి నెంబరు చూసుకోవాలి. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ... దేనికెన్ని తెగాయో లెక్కేసి, పన్ను తీసేసి, డి.సి.ఆర్. అనే కాగితం మీద మేనేజరుగారి సంతకం పెట్టించుకుని పోస్టులో వేయాలి. డైలీ కలెక్షన్ రిపోర్టు అన్నమాట. రోజుకి మూడు ఆటలకీ ఇదే పని. నాకు లెక్కలు వచ్చింది బళ్లో కాదు, హాలు బుకింగ్ గది పక్కన స్టూలు మీద.

ప్రింట్లు ఎప్పుడూ చాలేవి కావు. ఒకే ప్రింటుతో ఒకే ఊళ్లో రెండు హాళ్లు నడిపేవాళ్లం. ఇక్కడ రీలు అవగానే సైకిల్ కుర్రాడు దాన్ని పట్టుకుని అక్కడికి పరిగెత్తాలి. టైరు పంక్చరైందంటే రెండో హాల్లో ఈలలు, కేకలు. ఆ కుర్రాళ్ల పేర్లు ఏ పోస్టరు మీదా పడలేదు. నాకు మాత్రం నలుగురి మొహాలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

మీ నాన్నగారిని వెనక్కి పంపినట్టే, నా వల్ల కూడా ఒక ఊరు ఊరంతా ఎదురుచూసింది. సంక్రాంతి రోజులు. కాలువ గట్టు మీద బస్సు ఆగిపోయింది. బాక్సులు రిక్షాలో వేయించుకుని టూరింగ్ టాకీసుకి చేరేసరికి రాత్రి పదిన్నర. జనం వెళ్లిపోయి ఉంటారనుకున్నాను. చాపల మీద పిల్లల్ని పడుకోబెట్టుకుని ఆడవాళ్లందరూ అలాగే కూర్చుని ఉన్నారు. రిక్షా కనపడగానే "బాక్సొచ్చింది" అని ఒక పెద్దాయన అరిచాడు. బాక్సుల్ని నన్ను ముట్టుకోనివ్వకుండా వాళ్లే ఎత్తుకెళ్లారు. ఒకటే మెషిను కాబట్టి రీలు రీలుకీ ఆగాలి. ఆట అయ్యేసరికి రెండు దాటింది. ఒక్కరూ మధ్యలో లేవలేదు.

ఇప్పుడు సినిమా హార్డ్ డిస్కులోనో శాటిలైటు ద్వారానో వస్తుంది. బాక్సు కోసం ఎదురుచూసే పని లేదు. మీ నాన్నగారిని అడిగి ఆ హాలు పేరు రాసి పంపండి. నేను వెళ్లిన హాలేమో చూస్తాను.

ప్రశ్న: బెజవాడలో పాత సినిమా హాలు ఏది?
- ఒక విద్యార్థి, గుడివాడ

జవాబు: మారుతీ. పోతిన శ్రీనివాసరావు గారు 1921లో కట్టించారు. అప్పటికి సినిమా మూగది. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది 1932లో. అంటే మన భాషలో బొమ్మ మాట్లాడటానికి పదేళ్ల ముందే బెజవాడ వాళ్లకి హాలుంది. ఈ ఊరివాణ్ణి కాబట్టి ఈ మాట నేను గర్వంగానే చెప్తాను.

ప్రశ్న: బాబాయ్ హోటల్ ఇడ్లీ అప్పట్లోనూ ఇంత పేరున్నదేనా?
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: అంతకంటే ఎక్కువే. 1942 నుంచి ఉన్న హోటలు, అదీ గాంధీనగర్‌లోనే. వేడి ఇడ్లీ మీద వెన్న, పక్కన కారప్పొడి. వెన్న పూర్తిగా కరగక ముందే తినాలి, సగం కరిగి సగం ముద్దగా ఉన్నప్పుడు కారప్పొడిలో అద్దుకుంటే ఆ రుచి వేరు. పొద్దున్నే ఊళ్లకి బయల్దేరే రిప్రజెంటేటివ్‌లందరం అక్కడ కలిసేవాళ్లం. ఏ ఊళ్లో ఏ సినిమా ఎలా ఆడుతోందో ఆఫీసుకి డి.సి.ఆర్. అందకముందే అక్కడ మాకు తెలిసిపోయేది. ఆకలి మీద ఉన్నా నిమ్మళంగా తినడానికి ఉండేది కాదు. మద్రాసు రైల్లో దిగిన కొత్త బొమ్మ ప్రింటు బల్ల కింద ఉండేది. బాక్సు మీద ఒక కాలు ఆనించి పెట్టుకునే తినేవాళ్లం.