కర్ణాటకలోని ఆగుంబేలో రాతి కింద గుంపుగా కనిపించినవి సాలెపురుగులేనా? ఏ జాతి?

కావు, అవి హార్వెస్ట్‌మెన్. సాలెపురుగుల్లాగే ఎనిమిది కాళ్లున్నా, ఇవి వేరే క్రమానికి చెందిన జీవులు. మీ ఫోటోలో నడుము కనిపించడం లేదు చూడండి. తలా పొట్టా కలిసిపోయి మినపగింజంత ఒకే శరీరం. వీపు మీది చిన్న బుడిపెకు అటొకటి ఇటొకటి రెండే కళ్లు. ఇవి గూడు అల్లవు, వీటికి విషం లేదు.

వానాకాలంలో పశ్చిమ కనుమలకు వెళ్లి టార్చి వెలుగులో వీటిని గమనించడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. గుంపుకు మన ఊపిరి తగిలితే చాలు, అన్నీ ఒక్కసారిగా పైకీ కిందికీ ఊగడం మొదలుపెడతాయి. నడిచేటప్పుడు రెండో జత కాళ్లను ముందుకు చాచి దారి తడుముకుంటాయి. దయచేసి కాలు పట్టుకుని ఎత్తకండి. ఊడిన కాలు కాసేపు కొట్టుకుంటుంది గానీ, దాని చోట కొత్తది మొలవదు.

ఇక వర్గీకరణ. ఇప్పటివరకు వర్ణించినవి 6,500కు పైగా జాతులు. బతికున్న ఉపక్రమాలు (ఈ క్రమంలోని పెద్ద విభాగాలు) ప్రధానంగా నాలుగు. వాటిలో లేనియాటోరిస్ అన్నిటికంటే పెద్దది, ఎక్కువగా ఉష్ణమండలానిదే. మీరు చూసిన పొడుగుకాళ్లవి యూప్నోయి ఉపక్రమంలోని గాగ్రెల్లినే ఉపకుటుంబానికి చెందినవి. అంతకు మించి ఫోటో చూసి జాతి పేరు చెప్పేవారిని నేను నమ్మను. జర్మన్ శాస్త్రవేత్త రేవర్ 1923లో ప్రపంచంలోని హార్వెస్ట్‌మెన్ అన్నిటినీ ఒకే గ్రంథంలోకి తెచ్చాడు. అది మహత్తర కృషే. కానీ పాదాల కణుపుల లెక్కను, ముళ్ల అమరికను పట్టుకుని ఆయన లెక్కలేనన్ని ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు) ఏర్పరిచాడు. ఒకే జాతిలోనూ ఆ లెక్క మారుతుంది కాబట్టి తర్వాతివారు చాలా పేర్లను రద్దు చేయాల్సి వచ్చింది. నేడు మగవాటి జననాంగ నిర్మాణం, డీఎన్‌ఏ చూడనిదే మాట తేల్చరు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది వీటి విస్తరణ. ఎగరలేవు, సముద్రం దాటలేవు, తడి లేకపోతే చాలావరకు బతకలేవు. అందుకే ఒక్క కొండవరసకే పరిమితమైన జాతులు ఎన్నో. గోనిలెప్టిడే కుటుంబం అమెరికా ఖండాలదే, బ్రెజిల్ అట్లాంటిక్ అడవుల్లో దాని వైవిధ్యం అపారం. అస్సామిడే కుటుంబం ఆఫ్రికా నుంచి మన దేశం మీదుగా ఆస్ట్రేలియా దాకా ఉంది. రాలిన ఆకుల కింద బతికే, కొన్ని మిల్లీమీటర్లే ఉండే పెట్టాలిడే కుటుంబం మాత్రం చిలీ, దక్షిణాఫ్రికా, మడగాస్కర్, శ్రీలంక, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉంది. ఒకప్పుడు ఇవన్నీ గోండ్వానా అనే ప్రాచీన మహాఖండంలో కలిసి ఉన్న నేలలే. ఖండాలు విడిపోతే ఈ చిన్న ప్రాణులూ వాటితోపాటే విడిపోయాయి.

కాబట్టి ఈసారి ఫోటోతోపాటు తేదీ, ఎత్తు, రాయా చెట్టా అన్నదీ, కచ్చితంగా ఏ చోటో కూడా రాసి పెట్టండి. జాతిని తేల్చే పరిశోధకులు మొదట అడిగేది ఆ చోటు గురించే.