20 కొబ్బరికాయల లెక్కలో 0.488 ఎందుకు తప్పు?

మీకు 0.488 వచ్చింది, పుస్తకంలో 0.509 ఉంది. మీరు తీసిన కాయను మళ్లీ రాశిలో వేసినట్టు లెక్క కట్టారు, తేడా అక్కడే వచ్చింది. 20 కాయల్లో 4 కుళ్లినవి, 3 తీస్తే కనీసం ఒకటి కుళ్లినది వచ్చే సంభావ్యత ఎంత? మీ ప్రశ్న ఇదే కదా.

1. మూడూ మంచివే అయ్యే అవకాశం కట్టి 1లోంచి తీసేయాలి. ఇంతవరకు మీరు చేసింది కరెక్టే.

2. మొదటి కాయ మంచిదయ్యే అవకాశం 16/20.

3. చాలామంది జారేది ఇక్కడే. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో కొనేవాళ్లు ఒక కాయ తీసి పగలగొట్టి చూస్తే, అది మళ్లీ రాశిలోకి పోదు. మిగిలేవి 19. తీసింది మంచిదే కాబట్టి వాటిలో మంచివి 15. అందుకే రెండోదానికి 15/19, మూడోదానికి 14/18. కింది అంకె మార్చి పై అంకె మర్చిపోకండి, రెండూ తగ్గాలి.

4. గుణిస్తే 3360/6840, అంటే 0.491. 1లోంచి తీస్తే 0.509. మీ పుస్తకంలో ఉన్నది ఇదే.

క్లాసులో 0.8 ఘనం (మూడుసార్లూ 16/20 అనుకుని 0.8 × 0.8 × 0.8, దాన్ని 1లోంచి తీస్తే 0.488) ఎందుకు వాడారని అడిగారు. రాశిలో 20,000 కాయలుండి 4,000 కుళ్లినవైతే, మూడు తీసినా నిష్పత్తి దాదాపు మారదు, జవాబు 0.488 దగ్గరే ఉంటుంది. శాంపిల్ (అంటే తీసే కాయలు) మొత్తంలో 10 శాతం లోపు ఉంటే ఆ పద్ధతి వాడొచ్చు. ఇక్కడ 3/20, అంటే 15 శాతం.

ఇంకొకటి. పైన కనబడే మూడు కాయలు తీస్తే ఈ లెక్క చెల్లదు, ప్రతి కాయకూ సమాన అవకాశం ఉండాలి. కాయలకు 1 నుంచి 20 వరకు నంబర్లు వేసి చీటీలు తీయండి.