ఓడ తప్పిందెందుకో ఆ రెండు కాగితాలే చెబుతున్నాయి

ప్రశ్న: మాది మలక్‌పేట. కోఠి ఉమెన్స్ కాలేజీలో కలిసి చదువుకున్న ఎనిమిది మంది స్నేహితురాళ్లం. అందరం అరవైకి దగ్గరపడ్డాం. మాలో ఒకామె క్యాన్సర్ నుంచి కోలుకున్న సంతోషంలో ముంబయి నుంచి గోవాకు ఓడ ప్రయాణం పెట్టుకున్నాం. హిమాయత్‌నగర్‌లోని ఒక ట్రావెల్ ఏజెంటుకు తలా 42,500 రూపాయలు, మొత్తం 3 లక్షల 40 వేలు కట్టాం. 2024 జనవరి 20న ఓడ ఎక్కాలి. ఆ పొద్దున ఏజెంటు ఏర్పాటు చేసిన వ్యాన్‌లో గేట్‌వే ఆఫ్ ఇండియా, పడవలో ఎలిఫెంటా గుహలు చూశాం. తిరిగొచ్చాక ఒక స్నేహితురాలు కొలాబా కాజ్‌వేలో చెవిదుద్దులు బేరమాడుతూ ఇరవై నిమిషాలు ఆపేసింది. టెర్మినల్‌కు 4 గంటల 5 నిమిషాలకు చేరాం. ఓడ కళ్లెదుటే ఉంది, ఎక్కనివ్వలేదు. గేటు దగ్గర కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చాం. ఏజెంటు అప్పట్నుంచి ‘చూద్దాం మేడమ్’ అంటూ తిప్పుతున్నాడు. ఇప్పుడు తలా పది వేల వోచర్ ఇస్తానంటున్నాడు. డబ్బు వసూలు చేసి ఏజెంటుకు కట్టింది, కాజ్‌వేలో ఆపిందీ ఒకామే. ఆమెతో మాటల్లేవు. వచ్చే నెల కూతురి దగ్గరికి అమెరికా వెళ్తోందట. ఆమె లేకుండా మేం ఏడుగురం కేసు వేయవచ్చా? ప్రయాణ బీమా కూడా ఉంది. మాలో ఒకరికి ఆ రోజు ఒంట్లో బాగాలేదని తెలిసిన డాక్టరు సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు, 2025 నవంబరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు మీ స్నేహితురాలి మీద కోపమే. కేసుకు పనికొచ్చేది మీరు వెనక పిన్ను కొట్టి పంపిన రెండు జెరాక్సు కాగితాలు. వాటిని మీరు పక్కపక్కన పెట్టి చదివినట్టు లేదు. నేను చదివాను.

మొదటిది ఏజెంటు లెటర్‌హెడ్ మీద, ఆఫీసు ముద్రతో ఇచ్చిన ప్రోగ్రాం. ఉదయం 9.30కి గేట్‌వే, అక్కడి నుంచి ఎలిఫెంటా, ఒంటిగంటన్నరకు తిరిగి రాక, తర్వాత భోజనం, ‘3.30కి క్రూజ్ టెర్మినల్ డ్రాప్’. రెండోది ఓడ టికెట్. దాని మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: చెక్-ఇన్ కౌంటరు 2.30కి మూసేస్తారు, ఓడ 4.30కి బయల్దేరుతుంది.

అంటే మీరు కాజ్‌వేలో ఒక్క నిమిషం కూడా ఆగకుండా, డ్రైవరు గడియారం చూసుకుని సరిగ్గా 3.30కే దింపినా మీరు గంట ఆలస్యమే. ఓడ తప్పింది దుద్దుల వల్ల కాదు. హిమాయత్‌నగర్‌లో ఆ ప్రోగ్రాం టైపు చేసిన రోజే తప్పింది. ఓడ బయల్దేరే టైమునే ఎక్కే టైము అనుకుని, ఒక గంట ముందు దింపితే చాలనుకుని ఏజెంటు లెక్క వేశాడు. ఓడకు ప్రయాణికుల జాబితా ముందే ఖరారు కావాలి, సామాను తనిఖీ కావాలి. అందుకే గంటల ముందే కౌంటరు మూస్తారు. అది తెలుసుకోవడమే అతని వృత్తి. అది తెలిసినవాడెవడూ ఎక్కే రోజున, అదీ శనివారం రద్దీలో, ఎలిఫెంటా పెట్టడు. పడవలో పోను గంట, రాను గంట, దిగాక గుహల దాకా వందకు పైగా మెట్లు. అరవయ్యేళ్ల ఆడవాళ్లతో ఇది ఎన్నింటికి తెములుతుందో ఎవరైనా చెప్పగలరు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దీన్ని సేవాలోపం అంటుంది. మీ కేసు మొత్తం ఈ 2.30కీ ఆ 3.30కీ మధ్య ఉన్న గంట మీదే నిలబడుతుంది.

అవతలి వకీలు రెండు మాటలంటాడు. ఒకటి, ‘నా క్లయింటు ఏజెంటు మాత్రమే, ఓడ కంపెనీని అడగండి’. ఇంకొకరి తరఫున ఒప్పందం చేసిన ఏజెంటు మామూలుగా దానికి సొంతంగా బాధ్యుడు కాడనే కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ చూపిస్తాడు. ఓడలో గది బాగాలేదనో, తిండి బాగాలేదనో మీరు గొడవపడుతుంటే ఆ మాటకు కొంత బలం ఉండేది. కానీ వ్యాను అతనిది, ప్రోగ్రాం అతనిది. బిల్లులో ‘ముంబయి సైట్‌సీయింగ్, టెర్మినల్ డ్రాప్‌తో సహా’ అని అతని పేరు మీదే ఉందని మీరు రాశారు. ఆ బిల్లు అసలు ప్రతి ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి. నగర దర్శనం మీరు సొంతంగా ఆటో మాట్లాడుకుని తిరిగి ఉంటే ఈ కేసు తీసుకోవద్దని నేనే చెప్పేవాణ్ని.

రెండో మాట గట్టిది. ‘టికెట్ మీ చేతిలోనే ఉంది కదా, టైము దాని మీదే ఉంది కదా, ఎందుకు చదవలేదు?’ అంటాడు. నేనూ అదే అడుగుతున్నాను. ఎనిమిది మంది. అందరూ చదువుకున్నవాళ్లు, ఇద్దరు టీచర్లుగా రిటైరైనవాళ్లు. ఇంతమందిలో ఒక్కరైనా మూడో పేజీ తిప్పలేదా? ఈ అజాగ్రత్త వల్ల పరిహారం కొంత తగ్గించినా నేను ఆశ్చర్యపోను. దీనికి మీ దగ్గర ఒకటే జవాబుంది. టికెట్లు మీకు ఎప్పుడు అందాయి? ముందురోజు రాత్రి 9.40కి గ్రూపులో పెట్టాడని మీరే రాశారు. ప్రోగ్రాం కాగితం ఇచ్చింది మూడు వారాల ముందు. ప్రయాణానికి సర్దుకునే రాత్రి, అదీ ఫోనులో, ఎనిమిది పేజీల టికెట్ పెట్టి ‘చదువుకోవాల్సింది’ అంటే ఈ కేసులు వినే వినియోగదారుల కమిషన్ అంత తేలిగ్గా ఒప్పుకోదు. అయితే ఆ 9.40ని రుజువు చేయాలి.

ఇక్కడే మీరు చేతులారా చేసుకున్న నష్టం ఉంది. కోపంలో అందరూ గ్రూపులోంచి బయటికొచ్చి చాట్ మొత్తం తుడిచేశారు. మీరు పాత ఫోన్ ఎక్స్చేంజిలో ఇచ్చేశారు. డబ్బు కట్టిన గొడవ నడుస్తుండగా ఫోన్ అమ్ముకోవడమంటే ఇంటి దస్తావేజులు పాతపేపర్ల వాడికి తూకానికి వేయడమే. నా దగ్గరికొచ్చే పది వినియోగదారుల కేసుల్లో సగం ఇక్కడే కుంటుపడతాయి, అందుకే ఇంత కఠినంగా చెబుతున్నాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఆమె లేకుండా వేయవచ్చా? వేయవచ్చు. వేస్తే బలహీనమైన కేసు వేసినట్టు. ఏజెంటు ఖాతాకు డబ్బు వెళ్లింది ఆమె బ్యాంకు ఖాతా నుంచి. బిల్లు ఆమె పేరు మీద. ఏజెంటు టికెట్లు గ్రూపులో పెట్టడమే కాక ఆమె నంబరుకు విడిగా కూడా పంపాడని మీ ఉత్తరంలోనే ఒక వాక్యం ఉంది. అంటే ఆ 9.40 సందేశం మిగిలి ఉన్న ఫోన్ బహుశా అదొక్కటే. చట్టంలో వినియోగదారు అంటే డబ్బిచ్చిన మనిషే కాదు, ఆ మనిషి సమ్మతితో సేవ పొందినవాళ్లు కూడా. కాబట్టి మీ ఏడుగురికీ హక్కుంది. కానీ ఆ హక్కును రుజువు చేసే కాగితాలన్నీ ఆమె దగ్గరున్నాయి. మీరు వదిలేద్దామనుకుంటున్నది మీ ముఖ్య సాక్షిని.

ఇక కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. ఓడ తప్పింది 2024 జనవరి 20న. 2026 జనవరి 20తో గడువు సరి. 22 నెలలు మీరు ‘చూద్దాం మేడమ్’ వింటూ గడిపారు. ‘డబ్బివ్వనని అతను తేల్చి చెప్పింది మొన్ననే కదా, అక్కడి నుంచి లెక్క వేసుకోవచ్చు కదా’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎదురుచూస్తూ రాసుకున్న ఉత్తరాలు, పంపిన నోటీసులు గడువును పెంచవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయండి, మంచిదే, ఒక్కోసారి రాజీ కుదురుస్తారు. దానితోనూ గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ తగిన కారణం చూపాలి. ‘ఇస్తాడేమోనని నమ్మాం’ అన్నది కారణంగా నిలవడం కష్టం. సంక్రాంతి సెలవులు కూడా మధ్యలో వస్తాయి. మీ క్యాలెండర్‌లో జనవరి లేదనుకోండి. డిసెంబరు 31 లోపు ఫిర్యాదు నంబరు మీ చేతిలో ఉండాలి.

బీమా సంగతి. అమ్మా, ఆ డాక్టరు సర్టిఫికెట్ జోలికి పోవద్దు. ఒక్కరు కూడా. ఆ రోజు ఎవరికీ జబ్బు చేయలేదు. లేని జబ్బుకు కాగితం పుట్టించి బీమా డబ్బు అడగడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 318వ సెక్షన్ కింద మోసం కేసుకు దారి తీస్తుంది. ఆ కాగితం ఇచ్చిన డాక్టరు మెడికల్ కౌన్సిల్ ముందు నిలబడాల్సి వస్తుంది. దాని సంగతి అలా ఉంచినా, బీమా కంపెనీ ఫైల్లో ‘అనారోగ్యం వల్ల ఎక్కలేకపోయాం’ అనీ, కమిషన్ ఫైల్లో ‘ఏజెంటు ఆలస్యంగా దింపాడు’ అనీ మీ సంతకాలతోనే రెండు కథలుంటాయి. మొదటి కాగితం ఏజెంటు వకీలుకు దొరికిన రోజు మీ నిజమైన కేసు కూడా పోతుంది. నిజం మీ వైపే ఉండగా అబద్ధం ఎందుకు? పాలసీ కాగితం చదవండి. ఓడ అందుకోలేకపోవడానికి పాలసీలో చోటుంటే జరిగింది జరిగినట్టు రాసి అడగండి. లేకపోతే వదిలేయండి.

ఇదే మాట కాజ్‌వేకూ వర్తిస్తుంది. ఆ ఇరవై నిమిషాలను ఫిర్యాదులో దాచకండి. ఆ వ్యాను డ్రైవరు అవతలి పక్షం మనిషి, అతను చెప్పే తీరతాడు. మీరే ముందు రాయండి: ‘మేం ఇరవై నిమిషాలు ఆగిన మాట నిజం, అప్పటికే కౌంటరు మూసేశారు’. మీ నోటి నుంచి వస్తే అది నిజాయితీ, అతని నోటి నుంచి వస్తే మీరు దాచినట్టు.

వోచర్ తీసుకోవద్దు. అతను పంపిన కాగితం నమూనా చూశాను. ‘ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న వాక్యం కింద ఎనిమిది మంది సంతకాలు అడుగుతున్నాడు. 42,500 పోయిన చోట పది వేల కూపన్, అదీ మళ్లీ అతని దగ్గరే ఖర్చు పెట్టడానికి.

చేయాల్సింది ఇది. ముందు ఆ ఫోన్. ఆమె విమానం ఎక్కేలోపు ఏజెంటుతో ఉన్న చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయించండి. తేదీ, టైము, నంబరు కనిపించేలా ప్రింట్లు తీయించండి. కత్తిరించిన స్క్రీన్‌షాట్లు వద్దు. భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి. అందులో ఒక భాగం ఫోన్ వాడే మనిషి, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం అక్షరం పట్టుకోవు, అయినా ఉన్న ఒక్క ఆధారానికి ఆ సందు కూడా వదలకండి. గేటు దగ్గర ఏడుస్తూ తీసుకున్న ఫొటో ఉందన్నారు. అది ఎవరి ఫోనులో ఉంటే వాళ్లు అలాగే ఉంచాలి, తీసిన టైము అందులో ఉంటుంది. ఓడ కంపెనీకి ఒక ఈమెయిల్ రాసి, ఆ రోజు కౌంటరు ఎన్నింటికి మూశారో, మీ ఎనిమిది పేర్లు రానివాళ్ల జాబితాలో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. కంపెనీతో తగువు పెట్టుకోవద్దు. వాళ్లు తమ నియమం ప్రకారమే మూశారు, వాళ్ల జవాబు మీకు సాక్ష్యం.

ఏజెంటుకు పదిహేను రోజుల గడువుతో ఒక నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. చట్టం తప్పనిసరి చేయలేదు కానీ మర్యాద, పైగా జవాబులో అతను ఏం ఒప్పుకుంటాడో చూడొచ్చు. ఆ పదిహేను రోజులూ ఖాళీగా కూర్చోకుండా ఫిర్యాదు తయారు చేయించండి. ఎనిమిది మందీ ఉమ్మడి ఫిర్యాదుదారులుగా సంతకం చేయండి. ఒకరికి అధికారపత్రం ఇస్తే వాయిదాలకు ఆమె వెళ్తే చాలు. మీరు ఉండేది, ఏజెంటు ఆఫీసు ఉన్నదీ హైదరాబాద్ జిల్లాలోనే కాబట్టి ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ముంబయి వెళ్లక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల కేసుల ప్రభుత్వ వెబ్‌సైటు ఇ-జాగృతిలో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కమిషన్ నోటీసు అందాక ఏజెంటు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ 45 రోజులు దాటితే జవాబు తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఆ తేదీ మీరే గుర్తుపెట్టుకోండి.

అడిగేది కొలిచి అడగండి. ఓడ ఛార్జీ, ఆ రాత్రి ముంబయిలో ఉండాల్సి వచ్చిన హోటల్ బిల్లు, కొత్తగా కొన్న తిరుగు టికెట్లు, వీటి మీద వడ్డీ, కేసు ఖర్చులు, మానసిక వేదనకు తలా పాతిక వేలు. పాతిక లక్షలు అడిగితే మిగతా లెక్కను కూడా అనుమానంగా చూస్తారు. బిల్లు లేని ఖర్చు రాయకండి.

ఆమె అఫిడవిట్ ఇక్కడే నోటరీ చేయించాలి. అమెరికా నుంచి తెప్పించడానికి మనకు రోజుల్లేవు. ఆమెకు ఫోన్ ఎలా చేయాలా అని మొహమాటపడకండి. ‘సంతకం కావాలి’ అని మొదలుపెట్టొద్దు. ముందు ఆ రెండు కాగితాల ఫొటోలు పంపండి, 2.30 దగ్గర, 3.30 దగ్గర పెన్నుతో సున్నా చుట్టి.